రాధాబాయి గాజుల చప్పుడు

నెల్లికుదురు మండలంలోని ఆ తండాలో రాధాబాయి గురించి ఎవరినడిగినా ముందు ఆమె నోటి గురించి చెబుతారు, ఆ తర్వాతే చేతి గురించి. ఆ నోరు అలాంటిది. పింఛన్ల సంగతి చెప్పడానికి వచ్చిన పంచాయతీ కార్యదర్శి తండా అంతా తిరిగేవాడు గానీ ఆమె వాకిట్లో మాత్రం బండి దిగేవాడు కాదు. దిగితే పొద్దుగూకేదాకా జవాబులు చెప్పుకోవాలని భయం. అరవై రెండేళ్ల మనిషి, బక్కపలచని ఒళ్లు, మణికట్టు నుంచి మోచేయి పైదాకా తెల్ల గాజులు. ఆమె ఎక్కడికి వచ్చినా మనిషికంటే ముందు గాజుల చప్పుడు వచ్చేది.

ఆ చప్పుడంటే చిన్న కూతురు అనితకు చచ్చేంత సిగ్గు. ఎనిమిదో ఏటి నుంచి హాస్టల్లో చదివిన పిల్ల. తల్లి చూడ్డానికి వస్తే మెట్ల మీది నుంచే ఆ టకటకలు వినిపించేవి. తోటి పిల్లలు తలలు తిప్పేవాళ్లు, అనిత పుస్తకంలో తల దూర్చేది. ఈ సిగ్గును కాస్త గుర్తుపెట్టుకోవాలి. ఇరవై ఏళ్ల తర్వాత అది మళ్లీ తలెత్తి కొంప మీదికి తెచ్చింది.

ఇక చేతి సంగతి. లంబాడీ ఆడవాళ్ల అద్దాల కుట్టులో రాధాబాయికి తొమ్మిది రకాలు వచ్చు. వాటికి లంబాడీలో ఉన్న పేర్లను తెలుగులో చెప్పుకోవాలంటే చీమలబారు, జొన్నగింజ, తేలుకొండి, అలా ఉంటాయి. తండాలో మిగతా ఆడవాళ్లకు రెండో మూడో వస్తాయి. ఈ కాలం పిల్లలకు అవీ రావు, కేసముద్రంలో మిషను మీద కుట్టిన అంచు కొనుక్కొచ్చి రవికెకు తగిలించుకుంటారు. తొమ్మిదీ తెలిసిన చేయి చుట్టుపక్కల ఆమెదొక్కటే మిగిలింది. ఆ మాట ఆమెతో అంటే, మిగలడం కూడా ఒక గొప్పేనా అని కసిరేది.

పెళ్లయిన కొత్తలో తల్లి నేర్పిన కుట్టును ఆమె ఎక్కడికి పోయినా వదల్లేదు. భూపాలపల్లి దగ్గర చెల్పూర్‌లో కరెంటు కేంద్రం కడుతున్నప్పుడు భర్త దస్రుతో కలిసి మట్టి పనికి పోయి మూడేళ్లు ఉంది. పగలంతా తట్టలు మోసేది, సాయంత్రం టార్పాలిన్ గుడిసెలో పొయ్యి ముందు కూర్చుని కుట్టేది. పొయ్యి వెలుగు గిన్నె కిందికి సరిపోయేది గానీ గుడ్డ మీదిదాకా వచ్చేది కాదు. దస్రు ఇప్పటికీ వేళాకోళం చేస్తాడు, లోకానికి వెలుతురిచ్చే పనికి పోయి మా ఆమె మసకలో కుట్టడం నేర్చుకొచ్చింది అని.

అనిత జనగామలో పనిచేస్తుంది. ఎరువుల దుకాణం పైన మూడు గదుల ఆఫీసు. బడిపిల్లలకు వీడియో పాఠాలు చేసిస్తారు. యజమాని యుగేందర్ మంచివాడే గానీ కంగారు మనిషి. మహబూబాబాద్‌లోని ఒక ఆడపిల్లల గురుకులం వాళ్లు చేతిపనుల మీద పాఠం కావాలని అడిగినప్పుడు, మా యాడి ఉంది అని అనిత నోరు జారింది. యాడి అంటే అమ్మ.

ఆ పాఠం ఊరికే చూసేది కాదు. పిల్ల చేతిలో ట్యాబ్ ఉంటుంది. రాధాబాయి కుడుతున్న వీడియో నడుస్తూ నడుస్తూ తనంతట తానే ఆగి, సూది ఇప్పుడు ఎటు పోవాలి అని అడుగుతుంది. పిల్ల తెర మీద వేలితో గీత గీయాలి. సరైతే వీడియో ముందుకు సాగుతుంది, తప్పైతే ఆ కుట్టు మళ్లీ చూపిస్తుంది. అలా ఆగాల్సిన చోట్లను క్యూ పాయింట్లు అంటారు. తల్లికి చెప్పేటప్పుడు అనిత వాటిని ఆగే చోట్లు అంది. రెప్పపాటు ముందు ఆగితే సూది ఇంకా గుడ్డ కిందే ఉంటుంది. రెప్పపాటు ఆలస్యమైతే జవాబు ముందే కనబడిపోతుంది. మొత్తం నలభై రెండు నిమిషాల వీడియోలో అలాంటి చోట్లు డెబ్బై ఒకటి.

ఆగస్టులో ఒక ఆదివారం తండాలోనే, ఇంటి అరుగు మీద తీశారు. అనిత తన ఫోన్‌ను స్టాండుకు బిగించి తల్లి ఎదురుగా పెట్టింది. రెండు అరచేతులంత నల్లగుడ్డ మీద తొమ్మిది కుట్లూ వరసగా కుట్టింది రాధాబాయి. ఆ రోజు మబ్బులు వచ్చి పోతూ ఉన్నాయి. మరుసటి వారం లాప్‌టాప్ ముందు తల్లిని కూర్చోబెట్టి, ఎక్కడ ఆగాలో చెప్పించుకుంది. రాధాబాయి తెర వైపు మొహం పెట్టి, ఇక్కడ, ఇక్కడ అంటూ పోయింది. అనిత ఒక్కో చోటూ ఎన్నో బొమ్మ దగ్గర వచ్చిందో ఆ నంబరు రాసుకుంది. వీడియో అంటే వరసగా పరిగెత్తే బొమ్మలే కదా.

సెప్టెంబరులో తల్లి గడప తన్నుకుని పడితే గానీ కళ్ల సంగతి బయటపడలేదు. హనుమకొండ తీసుకుపోయి చూపిస్తే నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదీ పోతోంది, పోయిన చూపు తిరిగి రాదు అని డాక్టరు మెల్లగా చెప్పాడు. దీపావళి నాటికి రాధాబాయికి పగలూ రాత్రీ తేడా తప్ప ఏమీ తెలియకుండా పోయింది. నోరు మాత్రం అలాగే ఉంది. చూపు ఉన్నప్పుడే వీడియో తీసి పెట్టుకున్నాం, అదొక్కటైనా దక్కింది అని అనిత రైల్లో వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ తనకు తాను చెప్పుకునేది.

డిసెంబరులో ఆ దక్కిందనుకున్నదీ చెడింది. ట్యాబులకు తగినట్టు వీడియోను మార్చి, క్యూ పాయింట్లు కలిపి నడిపి చూస్తే మొదటి నాలుగూ సరిగ్గా ఆగాయి. పదో చోటుకు అర సెకను తేడా, ముప్పయ్యో చోటుకు నాలుగు సెకన్లు, చివరికి వచ్చేసరికి ఒక కుట్టు మీద ఆగి ఇంకో కుట్టు ప్రశ్న అడుగుతోంది. అన్నిటినీ ఒకే లెక్కన జరిపి చూసింది, కుదరలేదు. రెండు రోజులు తిండీ తిప్పలూ లేకుండా వెతికితే కారణం దొరికింది. వెలుతురు తగ్గినప్పుడల్లా ఫోన్ సెకనుకు తక్కువ బొమ్మలు తీస్తుంది. ఆ ఆదివారం మబ్బు కమ్మినప్పుడల్లా బొమ్మలు తగ్గాయి, ఎండ రాగానే పెరిగాయి. మార్చిన వీడియోలో మాత్రం సెకనుకు ముప్పయ్యే. ఆమె రాసుకున్న నంబర్లన్నీ ఆ మబ్బుల పాలయ్యాయి. ఫోన్‌లోనో లాప్‌టాప్‌లోనో అసలు వీడియో ఉందా అంటే, జాగా చాలక ఎప్పుడో చెరిపేసింది.

చూసి మళ్లీ గుర్తులు పెట్టుకోవచ్చు కదా అన్నాడు యుగేందర్. అక్కడే ఉంది చిక్కు. గుడ్డ తల్లి వైపు వాలి ఉంది, సూది వేళ్ల చాటున ఉంది. ఏ లాగుడుతో ఏ కుట్టు మలుపు తిరుగుతుందో తెలిసినవాళ్లకు తప్ప తెలియదు. అనితకు తెలియదు. తొమ్మిదింట్లో ఒక్క కుట్టయినా నేర్చుకోలేదు, హాస్టల్లో పుస్తకంలో తల దూర్చుకుంది. చెప్పగలిగిన ఒక్క మనిషికీ చూపు లేదు. గురుకులంలో పాఠం మొదలుపెట్టడానికి వారమే ఉంది. అది తప్పితే, తన తల్లి నలభై ఏళ్లుగా మోసుకొచ్చిన పని ఎవరికీ అర్థంకాని నలభై రెండు నిమిషాల బొమ్మల ఆటగా మిగిలిపోతుందని అనితకు తెలుసు. ఆ భయంతోనే ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ సంచిలో వేసుకుని రైలెక్కి కేసముద్రంలో దిగింది.

ఇంట్లో ఒక మూలంతా ఏరిన పత్తి కుప్ప. దస్రు దాని పక్కన కూర్చుని ఆకుముక్కలు ఏరుతున్నాడు. రాధాబాయి మంచం మీద ఉంది. ఏం చేయాలో తోచక అనిత, కనీసం తల్లికి వినిపిద్దామని వీడియో పెట్టింది. సన్నటి వేణువు సంగీతం మొదలైంది. రాధాబాయి కాసేపు తల వంచి వింది. ఆ ఇంట్లో మాటలన్నీ లంబాడీలోనే, ఇక్కడ తెలుగులో చెప్పుకుందాం.

"గిది ఎవరిది?" అంది రాధాబాయి.

"నీదే యాడీ. నువ్వు కుడుతున్నది."

"నా చెయ్యి ఏది మరి?"

చేయి తెర మీద ఉంది, నీకు కనబడట్లేదు అని అనిత మెల్లగా చెప్పబోయింది. కనబడుడు గాదు, ఇనబడుతలేదు అని తల్లి గదమాయించింది. అప్పుడు అనిత జరిగింది చెప్పింది. గాజుల చప్పుడు గోలగా ఉందని, వినేవాళ్లకు బాగుండదని, దాన్ని శుభ్రం చేసి సంగీతం పెట్టానని.

రాధాబాయి మోచేతి పైన గాజులు తడుముకుంది. దస్రు ఏరడం ఆపి తలెత్తి చూశాడు. లంబాడీల్లో ఆడమనిషి మోచేతిపై గాజులు తీసే రోజు ఒక్కటే ఉంటుంది, భర్తను సాగనంపిన రోజు.

"మీ బాపు బతికుండంగనే నా గాజులు తీసేసినవా?" అంది రాధాబాయి.

అరవలేదు. అరిచినా బాగుండేది. అనిత వీడియో ఆపేసింది. నేనింకా పత్తి ఏరుతూ ఇక్కడే ఉన్నాను అని దస్రు తేలిక చేయబోయాడు గానీ ఎవరూ నవ్వలేదు. హాస్టల్ మెట్ల మీది టకటకలు, పుస్తకంలో దూర్చిన తల, అన్నీ అనితకు ఒక్కసారి గుర్తొచ్చాయి. సాంకేతికం అనుకుని చేసింది సాంకేతికం కాదు, పాత సిగ్గే.

అదృష్టం ఏమిటంటే ఆమెకు ఒక మంచి అలవాటు ఉంది. శుభ్రం చేసేముందు అసలు చప్పుడును వేరే ఫైలుగా దాచిపెడుతుంది. వెతికితే ఉంది. దానికి తాను పెట్టిన పేరు 'గోల' అని ఉంది. ఆ పేరు చూసి మళ్లీ సిగ్గుపడింది, ఈసారి తన గురించి. దాన్ని తెచ్చి వీడియో కింద పరిచింది. మొదట్లో కలిసింది, మధ్యలో కలిసింది, చివరికంటా పోయినా వెంట్రుకవాసి తేడా లేదు. మబ్బు పట్టినప్పుడు ఫోన్ బొమ్మలు తగ్గించింది గానీ చప్పుడును తగ్గించలేదు. మబ్బుకూ చప్పుడుకూ ఏం సంబంధం?

గాజులు మోగాయి. టక్, టక టక, టక్.

రాధాబాయి మంచం మీద సర్దుకుని కూర్చుంది. కళ్లు మూసుకుంది. ఎడమ అరచేతిని గుడ్డలా పరిచి, కుడిచేతి వేళ్లను సూది పట్టుకున్నట్టు పెట్టింది. తర్వాత గాలిలో కుట్టడం మొదలుపెట్టింది.

"ఆపు," అంది. అనిత గుర్తు పెట్టింది. "నడిపియ్యి." మళ్లీ, "ఆపు."

ఇదేమిటని అడిగితే, దారం నిడువుగా ఉన్నప్పుడు చేయి దూరం పోతుంది, గాజులన్నీ జారి మోగుతాయి, దారం పొట్టిదయ్యాక మణికట్టు దగ్గరివి రెండే మోగుతాయి అంది. చీమలబారుకు చిన్నచిన్న చప్పుళ్లు. తేలుకొండికి ఒక పెద్ద చప్పుడు, తర్వాత ఆగుడు, ఎందుకంటే వేలితో ముడి నొక్కి పట్టాలి. అద్దం చుట్టూ కుట్టేటప్పుడు గాజులతో పాటు గోరు అద్దానికి తగులుతుంది. ఇదంతా ఎవరికైనా తెలిసేదే అన్నట్టు చెప్పింది.

లాప్‌టాప్ మీద చప్పుడు గీతలుగా కనబడుతుంది. గాజులు మోగిన ప్రతి చోటా ఒక గీత నిటారుగా లేచి ఉంది. పదకొండో గుర్తు దగ్గర అనిత గమనించింది, తల్లి విని చెప్పడం లేదు. వినడానికంటే ముందే చెబుతోంది. ఆగస్టులో కుట్టిన కుట్టును డిసెంబరులో గాలిలో మళ్లీ కుడుతోంది, అదే వేగంతో. లాప్‌టాప్‌లోని గాజులు, మంచం మీది గాజులు ఒక్కసారే మోగుతున్నాయి. రెండు చప్పుళ్లు ఒకటైపోయి, ఏది ఎక్కడిదో చెప్పలేకుండా ఉంది. అనిత తెర వదిలేసి తల్లి చేతినే చూసింది. కంప్యూటర్లు పెట్టుకుని, సెకనును ముప్పయి ముక్కలు చేసి తాను అందుకోలేకపోయిన కాలం, చదువురాని ఈ మనిషి చేతిలో చెక్కుచెదరకుండా ఉంది. దస్రు కూడా పత్తి వదిలేసి దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నలభై ఏళ్లు కాపురం చేసినవాడు, అతనికీ ఇది కొత్తే.

యాభై ఎనిమిదో చోటు దగ్గర గాజులు వేరేగా మోగాయి. వరస లేకుండా, అడ్డదిడ్డంగా, చాలాసేపు. మంచం మీద రాధాబాయి చేయి ఆగిపోయింది.

"ఇక్కడ ఆపాల్నా యాడీ?"

"వద్దు. గది కుట్టు గాదు."

"మరేంది?"

రాధాబాయి మాట కోసం వెతుక్కుంది. ఆ నోటికి అలాంటి అవసరం వచ్చిన రోజులు అరుదు.

"సూది కోసం దేవులాడిన," అంది. "మబ్బు పట్టింది గదా. ఇగ ఏం కనబడలే."

అనిత వీడియో వెనక్కి తిప్పి చూసింది. తొమ్మిది సెకన్లు. తల్లి చేయి ఒడిలో గుడ్డ మీద మెల్లగా తడుముతూ పోయింది, సూది దొరికింది, మళ్లీ కుట్టడం మొదలైంది. ఆ రోజు ఎదురుగా ఫోన్ పెట్టుకుని కూర్చున్నది తానే. గుడ్డ సవరించుకుంటోంది అనుకుంది. ఆ తర్వాతి కుట్లన్నీ, చివరి అద్దంతో సహా, చూడకుండా కుట్టినవే. పెట్టెలోంచి ఆ నల్లగుడ్డ తీసి కిటికీ దగ్గర పట్టుకుని, ఎక్కడి నుంచి చూపు పోయిందో వెతికింది. ముందు కుట్టుకూ వెనక కుట్టుకూ నూలుపోగు తేడా దొరకలేదు.

"మరి నా పక్కన కూసొని ఇక్కడ ఇక్కడ అని చూపెట్టినవ్ గదా?"

"చూపెట్టిన్నా? ఇని చెప్పిన," అంది రాధాబాయి. "చూస్తున్న అని నువ్వనుకున్నవు."

 ఎందుకు చెప్పలేదో అడగకుండానే తల్లి చెప్పింది, చెబితే నువ్వు ఫోన్ బంద్ చేసి దవాఖానకు తోలుకపోదువు, తొమ్మిదో కుట్టు నాతోనే పోవును అని. ఆమె గొంతులో గొప్పా లేదు, బాధా లేదు. అనిత తల్లి ఒడిలో తల పెట్టి ఏడ్చింది. ఏడుస్తున్నంతసేపూ లోపల ఏడుపు కంటే పెద్దదేదో ఉంది, ఇంత మనిషి పక్కన ఇన్నేళ్లు పుస్తకంలో తల దూర్చుకుని ఎలా బతికానా అన్న ఆశ్చర్యం. రాధాబాయి ఆమె తల తట్టి, ఇంకా పద్నాలుగు చోట్లున్నయి, లే అంది.

సోమవారం యుగేందర్ మొత్తం నడిపి చూశాడు. డెబ్బై ఒక్క చోట్లూ సూది గుడ్డలోంచి పైకి వచ్చిన రెప్పపాటు దగ్గరే ఆగాయి. సంగీతం ఏమైంది అని అడగబోయి మానేశాడు. గాజుల చప్పుడు ఇంకోసారి పెట్టమని, కుర్చీ జరుపుకుని కళ్లు మూసుకుని విన్నాడు.

గురుకులంలో పాఠం మొదలైన రోజు దస్రు రాధాబాయిని ఆటోలో తీసుకొచ్చాడు. ఇరవై మంది పిల్లలు, ఇరవై ట్యాబులు, ఒక్కొక్కరి ముందు ఒక నల్లగుడ్డ. ఆమెను తరగతి గదిలో చివర గోడవారగా కూర్చోబెట్టారు. పిల్లల్లో ఎక్కువమంది తండాల వాళ్లే. గది నిండా గాజులు మోగుతుంటే ముందు కిసుక్కున నవ్వుకున్నారు, ఆ తర్వాత పనిలో పడ్డారు. వీడియో ఆగింది, అడిగింది, వేళ్లు తెర మీద కదిలాయి, మళ్లీ సాగింది. అరగంట గడిచేసరికి కొందరు తెర చూడటం తగ్గించి చప్పుడు వింటూ తమ గుడ్డ మీద కుడుతున్నారు. అనిత గుమ్మం దగ్గర నిలబడి అది చూసింది. ఆమె ఎవరికీ అలా చేయమని చెప్పలేదు.

రాధాబాయి దగ్గరగా కూర్చున్న భాగ్య అనే అమ్మాయి అందరికంటే ముందుంది. యాభై ఏడో చోటు దాటింది. తెర మీది చేయి ఉన్నట్టుండి ఒడిలో తడుముకోవడం మొదలుపెట్టింది. ప్రశ్న రాలేదు, వీడియో ఆగలేదు, గాజులు మాత్రం వరస తప్పి మోగుతున్నాయి. తన ట్యాబ్ చెడిందనుకుని భాగ్య చేయి ఎత్తింది, ఇక్కడేం చేయాలో చెప్పట్లేదక్కా అంది. అనిత గుమ్మం దగ్గరి నుంచి రెండడుగులు వేసింది.

వెనక నుంచి రాధాబాయి ముందుకు వంగింది.

"జర ఆగు బిడ్డా," అంది. "సూది దొరుకుతది."

భాగ్య చేయి దించి, తన సూది పట్టుకుని ఎదురుచూసింది. తొమ్మిది సెకన్లు గడిచాయి. తర్వాత గాజులు వరసగా మోగాయి, భాగ్య కుట్టడం మొదలుపెట్టింది.